ఆగని బండికి స్టేషనెందుకు?

మా డైరీ ఫార్మ్ పేటలో రైలు లేదు. డైరీ ఫార్మ్‌లోనే కాదు, పోర్ట్ బ్లెయిర్ మొత్తంలో లేదు, అండమాన్ నికోబార్ దీవుల్లో ఏ మూలకెళ్లినా ప్యాసింజర్ బండి కనపడదు. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు కానీ ఊళ్లోకి పట్టాలు మాత్రం రాలేదు. రైల్వే రిజర్వేషన్ కౌంటర్ మాత్రం ఉంది. ఇక్కడ పుట్టిన పిల్లలు రైలును చూడకముందే రైలు టికెట్టును చూస్తారు. అలాంటి దీవిలో కూర్చుని రైల్వే స్టేషన్ గురించి నీకెందుకయ్యా ఇంత మంట అని ఎవరైనా అడగొచ్చు. అడిగారు కూడా. చెబుతాను.

2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనం 3,80,581. అందులో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 13 శాతం పైమాటే. వీళ్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం జిల్లావి. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, సంతబొమ్మాళి, టెక్కలి. కూలికొచ్చినవాళ్లు, చేపల వేటకొచ్చినవాళ్లు, గవర్నమెంటు ఉద్యోగం మీదొచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్లు. డైరీ ఫార్మ్‌లోనో జంగ్లీఘాట్‌లోనో ఇంటి తలుపు తడితే శ్రీకాకుళం యాసలో "ఏటి బాబూ" అని పలకరించే గొంతు వినబడుతుంది. పెళ్లికీ, చావుకీ, భూమి తగాదాకీ, ఊళ్లో గ్రామదేవత పండక్కీ మేమంతా మెయిన్‌లాండ్ వెళ్లాలి. డబ్బున్నవాడు విమానం ఎక్కుతాడు. లేనివాడు షిప్ కోసం ఎదురు చూస్తాడు. వైజాగ్ షిప్పు ఎప్పుడు కదులుతుందో ముందే తెలిస్తే అదృష్టం. కదిలాక సముద్రం మీద రెండున్నర రోజులు.

వైజాగ్‌లో షిప్ దిగిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? కాళ్ల కింద నేల ఇంకా ఊగుతున్నట్టే ఉంటుంది. బంక్ క్లాసులో నిద్ర లేక కళ్లు వాచిపోయి ఉంటాయి. చేతిలో రెక్సిన్ సంచి, నెత్తిన అట్టపెట్టె. ఆ పెట్టెకు నాలుగు వైపులా నైలాన్ తాడు, పైన స్కెచ్ పెన్‌తో లావుగా రాసిన పేరు, పేరు కింద "నౌపడా". పోర్టు నుంచి ఆటోలో వైజాగ్ స్టేషన్‌కొచ్చి అతను వెతికేది ఒక్కటే, పలాస వైపు పోయే ప్యాసింజరు. దాన్ని ప్యాసింజరనండి, మెమూ అనండి. విజయనగరం, చీపురుపల్లి, పొందూరు, ఆమదాలవలస, తిలారు, కోటబొమ్మాళి దాటించి, నౌపడాలో ఆగి మరీ దింపేది ఆ బండే. కోరమాండల్ ఎక్కితే నౌపడా కళ్ల ముందు నుంచే వెళ్లిపోతుంది. వందే భారత్ ఎక్కితే ఇంకా వేగంగా వెళ్లిపోతుంది.

నా మంట ఇక్కడ మొదలవుతుంది. నౌపడా నిన్న మొన్న పుట్టిన హాల్టు కాదు. మద్రాసును కలకత్తాతో కలిపే తూర్పు తీరపు లైను 1893-96 మధ్య పడింది. ఆ లైను మీద ఉప్పు మడుల మధ్య ఉన్న ఊరు నౌపడా. నౌపడా ఉప్పు తెలియని వంటిల్లు ఒకప్పుడు ఉత్తరాంధ్రలో ఉండేది కాదంటారు మా పెద్దలు. పెద్ద లైను వచ్చాక, నలభై కిలోమీటర్ల లోపల ఉన్న పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతికి తన ఊరికీ రైలుండాలని పట్టుదల పుట్టింది. 1898లో పని మొదలుపెట్టి, ఏడు లక్షల రూపాయలు పోసి, రెండున్నర అడుగుల నారోగేజి లైను వేయించి 1900 ఏప్రిల్ 1న నౌపడా నుంచి చిన్న రైలు నడిపించాడు. అప్పటికి మా పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు కట్టడం ఇంకా పూర్తి కాలేదు.

ఆ రాజావారు ప్రజల మీద ప్రేమతో కరిగిపోయి లైను వేశారని నేననుకోను. ముందు వరసలో ఆయన సౌకర్యమే ఉంటుంది, ఆ తరవాతే బియ్యం, కలప, జనం. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆ లైను 1910 దాకా నష్టాల్లోనే నడిచింది. పదేళ్లు! అయినా బండి ఆపలేదు. తరవాత నెమ్మదిగా నాలుగు డబ్బులు మిగలడం మొదలైంది. 1924-25 నుంచి లాభాలు బాగా వచ్చాయి. ఆ ఉత్సాహంతో 1929లో కొంత, 1931లో కొంత పొడిగించి లైనును గుణుపూర్ దాకా తీసుకెళ్లారు. మొత్తం తొంభై కిలోమీటర్లు. ఒక జమీందారీ పదేళ్ల నష్టాన్ని మోసి బండి నడిపింది. ఇంత పెద్ద దేశపు రైల్వేకు పల్లె బండి నష్టం ఒక్క ఏడాది కనపడితే చాలు, గుండె ఆగిపోతుంది.

గిడుగు రామమూర్తి పంతులు గారు టీచరుగా బతికిన ఊరు పర్లాకిమిడి. సవరల భాష నేర్చి, నిఘంటువు తయారు చేసి, వాడుక భాష కోసం పండితులందరితో తలపడింది అక్కడుండే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటుపోతే, తెలుగువాడిగా ఆ ఊళ్లో ఉండనని రాజమండ్రి వచ్చేశారు. మైదానం నుంచి ఆ ఊరికి పోవాలన్నా, అక్కడి నుంచి బయటపడాలన్నా రైలు దారి నౌపడాయే. తెలుగు భాష చరిత్రలో ఇంత పెద్ద మలుపు జరిగిన ఊరికి గుమ్మం లాంటి స్టేషన్ ఇది. ఈ మాట నౌపడా ప్లాట్‌ఫాం మీద ఒక బోర్డు మీద రాయించడానికి ఎంత ఖర్చవుతుంది? రాయించాలన్న ఊహ ఎవరికైనా రావాలి కదా.

2004 జూన్ 9న ఆ చిన్న రైలు ఆఖరిసారి నడిచింది. బ్రాడ్‌గేజి వేస్తామన్నారు. మంచిదే, ఎవరు వద్దంటారు? కానీ గుణుపూర్ దాకా పెద్ద బండి వచ్చేసరికి 2011 ఆగస్టు అయింది. ఏడేళ్లు! తొంభై కిలోమీటర్ల లైను, కొండల్ని తొలిచే సొరంగాల లైనేం కాదు, అప్పటికే దశాబ్దాలుగా రైలు తిరిగిన దారి. బ్రిటిష్ కాలంలో పారతో, తట్టతో మొదటి నలభై కిలోమీటర్లూ రెండేళ్లలో వేస్తే, యంత్రాలున్న కాలంలో ఈ మొత్తానికి ఏడేళ్లు పట్టింది. బండి లేని ఆ ఏళ్లన్నీ టెక్కలి, టెంబూరు, పాతపట్నం జనం బస్సు కడ్డీలు పట్టుకుని వేలాడారు. పార్లమెంటులో ఏడాదికేడాది రైల్వే బడ్జెట్ చదివారు. చదివిన ప్రతిసారీ ఈ లైనుకు పదో పరకో విదిల్చారు.

పోనీ, చిన్న రైలును వారసత్వంగా చూశారా? డార్జిలింగ్ చిన్న రైలుకు 1999లో, నీలగిరికి 2005లో, కాల్కా-సిమ్లాకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అవి కొండ లైన్లు, ఇంజనీరింగ్ అద్భుతాలు, నిజమే. మాదాన్ని వాటి పక్కన నిలబెట్టమని అడగను. కానీ చల్లటి కొండ ఊళ్లకు దొరల్ని మోసిన రైలు వారసత్వం అవుతుంది, ఉప్పు బస్తాల్నీ సంత మూటల్నీ సవర పల్లెల జనాన్నీ మోసిన రైలు తుక్కు అవుతుంది. ఈ లెక్క ఎవరు కట్టారు? ఇంజనుకు రంగు పూసి ఎక్కడో దిమ్మ మీద నిలబెడితే చరిత్రను కాపాడినట్టు కాదు.

సరే, పోయిందేదో పోయింది. నాకు పాత రైలు మీద కన్నా ఇప్పుడున్న స్టేషన్ మీదే బెంగ. నౌపడా ఇవాళ్టికీ పని చేస్తున్న స్టేషన్. గుణుపూర్ బండి ఇక్కడే మలుపు తిరుగుతుంది. పలాస ప్యాసింజరు ఇక్కడ ఆగుతుంది. ఈ బండ్లు ఎక్కేవాళ్లెవరు? పలాస జీడిపప్పు బట్టీల్లో పొట్టు తీసే ఆడవాళ్లు, చేపల గంపతో బయల్దేరే భావనపాడు వైపు వాళ్లు, వైజాగ్ ఆస్పత్రిలో డాక్టరును చూపించుకోవాల్సిన ఉద్దానం కిడ్నీ రోగులు, కాలేజీ పిల్లలు, మా లాంటి దీవులవాళ్లు. వీళ్లకు ఈ ఆరేళ్లలో ఏం చేశారో చూడండి.

2020లో కరోనా పేరు చెప్పి ప్యాసింజర్లు ఆపారు. అది అర్థం చేసుకున్నాం. తిరిగి నడిపినప్పుడు మాత్రం అదే బండికి, అవే పెట్టెలకు, అవే చెక్క బల్లలకు "స్పెషల్ ఎక్స్‌ప్రెస్" అని పేరు పెట్టి, కనీస చార్జీ పది రూపాయల నుంచి ముప్పైకి పెంచారు. పేరు మారింది, వేగం మారలేదు. లూప్ లైన్లో పక్కకు నెట్టి గూడ్సుకు దారివ్వడం మారలేదు. పక్క స్టేషన్లో దిగే మనిషి కూడా మూడు రెట్లు కట్టాడు. రోజూ పోయి రోజూ వచ్చే కూలీకి ఆ తేడా ఒక పూట కూర. కరోనా పోయింది, మాస్కులు తీసేశాం, సినిమా హాళ్లు తెరిచారు, ముప్పై రూపాయలు మాత్రం కదల్లేదు. ఎప్పుడు కదిలాయి? 2024 ఫిబ్రవరి ఆఖర్లో, పార్లమెంటు ఎన్నికలు గుమ్మంలోకొచ్చాక. ఇన్నేళ్లు అదనంగా లాగిన డబ్బు గురించి ఒక్క మాట, ఒక్క క్షమాపణ లేదు.

ముసలివాళ్ల రాయితీ సంగతి ఇంకా ఘోరం. అరవై దాటిన మగవాళ్లకు నలభై శాతం, యాభై ఎనిమిది దాటిన ఆడవాళ్లకు యాభై శాతం ఉండేది. 2020 మార్చిలో తీసేశారు, మళ్లీ ఇవ్వలేదు. మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. నలభై ఏళ్ల కిందట ఇక్కడికి కాపురానికొచ్చింది. తమ్ముడి కూతురు పెళ్లికి వెళ్లాలా వద్దా అని షిప్ చార్జీ, రైలు చార్జీ వేళ్ల మీద లెక్కపెట్టుకుని, చివరికి రానని చెప్పి, పందిట్లో వేయమని డబ్బులు పంపింది. ఈ లెక్క ఢిల్లీలో కూర్చున్నవాళ్ల ఫైల్లో "ఆదా" అనే గడిలో పడుతుంది.

ఇక 2023 అక్టోబర్ 29. ఆదివారం రాత్రి. కంటకాపల్లి, అలమండ మధ్య వైజాగ్-పలాస ప్యాసింజరు నెమ్మదిగా పోతుంటే వెనకనుంచి వైజాగ్-రాయగడ ప్యాసింజరు వచ్చి గుద్దింది. 14 మంది పోయారు. రెండూ పేదవాళ్ల బండ్లే. రెండు బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ అనే ఏర్పాటు గురించి అంతకు ముందే ఎన్ని ప్రకటనలు విన్నాం, మంత్రిగారే ఇంజన్లో కూర్చుని పరీక్ష చేయించుకున్న వీడియోలు ఎన్ని చూశాం! ఆ లైను మీద అది లేదు. ఆ రాత్రి డైరీ ఫార్మ్‌లో, జంగ్లీఘాట్‌లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మావాళ్లు ఎవరైనా ఆ బండిలో ఉన్నారేమోనని. మాకు పరిగెత్తి వెళ్లడానికి దారి కూడా లేదు, మధ్యలో సముద్రం ఉంది.

వీటన్నిటికీ ఎవర్ని అడగాలి అంటే, దానికీ ఒక చిక్కు. 2014 విభజన చట్టంలో కొత్త రైల్వే జోను సాధ్యమేమో ఆరు నెలల్లో చూస్తామని రాశారు. 2019 ఫిబ్రవరి 27న దక్షిణ కోస్తా రైల్వే అని ప్రకటించారు. వైజాగ్‌లో దాని ఆఫీసుకు శంకుస్థాపన 2025 జనవరి 8న. ఆరు నెలలు ఎంత సాగాయో చూశారా! ఆ వెంటనే ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్ను రెండు ముక్కలు చేశారు. పలాస నుంచి వైజాగ్ వైపు విశాఖపట్నం డివిజన్లోకొచ్చింది. పలాసకు పైన ఉన్న మందస రోడ్డు, బారువ, సోంపేట, ఇచ్ఛాపురం ఖుర్దా రోడ్డు డివిజన్లోనే, అంటే భువనేశ్వర్ చేతిలోనే ఉండిపోయాయి. ఆ ఊళ్లవాళ్లు మమ్మల్నీ కలపండని మొత్తుకుంటున్నారు. మా నౌపడా లైను సంగతి వింటే నవ్వొస్తుంది. నౌపడా నుంచి పర్లాకిమిడి వరకు ఒక డివిజన్, ఒక జోను. అక్కడి నుంచి గుణుపూర్ వరకు కొత్తగా పెట్టిన రాయగడ డివిజన్, ఇంకో జోను. తొంభై కిలోమీటర్ల లైనుకు ఇద్దరు యజమానులు. రేపు ఒక పెట్టెలో ఫ్యాను తిరగకపోతే ఈ ఆఫీసు ఆ ఆఫీసు వైపు, ఆ ఆఫీసు ఈ ఆఫీసు వైపు చూపించడం ఖాయం. 1900లో రాజా ఒక్కడే యజమాని. అర్జీ పెడితే కనీసం ఎవరి కాళ్ల దగ్గర పెట్టాలో జనానికి తెలుసు.

పైవాళ్ల దృష్టి ఎక్కడుందో దాచుకోవడం కూడా లేదు. అమృత్ భారత్ స్టేషన్ల పథకం అని 2023 ఆగస్టు 6న ఒకేసారి 508 స్టేషన్లకు, 2024 ఫిబ్రవరి 26న మరో 550కి పైగా స్టేషన్లకు రాళ్లు వేశారు. కొత్త ముఖద్వారాలు, లిఫ్టులు, పార్కింగ్, రాత్రిపూట రంగు లైట్లు. వద్దనను. మరుగుదొడ్డికి తలుపు, నీళ్లకు కుళాయి, ఎండకు రేకు ఎవరికి చేదు? కానీ నాకు అర్థం కానిది ఇది. ముఖద్వారం కట్టడానికి డబ్బుంటుంది, ఆ ద్వారం ముందు ఇంకో ప్యాసింజర్ ఆపడానికి మాత్రం "పాత్ ఖాళీ లేదు" అంటారు, అంటే పట్టాల మీద ఇంకో బండికి వేళ లేదని. 2024 మార్చిలో వైజాగ్-భువనేశ్వర్ వందే భారత్‌కు అదే పాత్ ఎలా దొరికింది? ఎవరి బండికైతే దారి దొరుకుతుందో ఆ మనుషులే ఈ రైల్వేకు మనుషులు. నౌపడాలో దిగేవాడు లెక్కలో లేడు.

మాకైతే రైలు ఇస్తామని కూడా ఒకసారి చెప్పారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి డిగ్లిపూర్‌కు 240 కిలోమీటర్లు, 2,413 కోట్లు. 2017 ఫిబ్రవరిలో పత్రికలన్నీ రాశాయి. రాబడి లెక్క మైనస్‌లో ఉన్నా ప్రాంతం ప్రత్యేకత దృష్ట్యా ముందుకెళ్తామన్నారు. మా వీధిలో మిఠాయిలు కూడా పంచారు. అప్పటి నుంచి ఒక్క స్లీపర్ దిగలేదు. నిజానికి ఆ లైను నాకు అంత ఇష్టం కూడా లేదు. అండమాన్ ట్రంక్ రోడ్డు ఇప్పటికే జారవా ఆదివాసుల అడవిని చీల్చుకుంటూ పోతోంది. 2002లో ఆ ముక్కను మూసేయమని సుప్రీంకోర్టు చెప్పినా బస్సులు తిరుగుతూనే ఉన్నాయి. ఇంకో గాయం ఎందుకు? నన్ను మండించేది వేరే. లేని రైలుకు మైనస్ రాబడి పరవాలేదట, హెడ్‌లైన్ వస్తుంది కాబట్టి. ఉన్న స్టేషన్లో ఉన్న బండికి మాత్రం ప్రతి పైసా లెక్క.

ఇప్పుడు నౌపడాకు మళ్లీ మంచి రోజులంటున్నారు. సంతబొమ్మాళి మండలం మూలపేటలో పోర్టు కడుతున్నారు. 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన అయింది. నౌపడా నుంచి పోర్టుకు రైలు లింకు ఉంటుందన్నారు. అది వస్తుంది, నాకు అనుమానం లేదు, ఎందుకంటే అది బొగ్గుకీ ఖనిజానికీ. పక్కనే కాకరాపల్లి బీల అనే చిత్తడి నేలలో థర్మల్ ప్లాంటు వద్దని అడిగిన జనం మీద 2011లో తుపాకీ పేలింది, ప్రాణాలు పోయాయి. అంటే ఈ ప్రాంతం ప్రభుత్వాల మ్యాప్‌లో లేకపోలేదు. సరుకు కావాల్సినప్పుడు బాగానే కనపడుతుంది.

కాబట్టి అడగాల్సింది ఇప్పుడే అడుగుతున్నాను, సిమెంటు ఆరకముందే. గూడ్సు లింకు వేసే రోజున దాని మీద రోజుకు రెండు ప్యాసింజర్ పెట్టెలైనా నడిపిస్తామని కాగితం మీద రాసివ్వండి. వైజాగ్-గుణుపూర్ మధ్య ఇంకో బండి వేయండి, దాని వేళ పాతపట్నం కాలేజీ పిల్లలకూ ఆస్పత్రికి పోయేవాళ్లకూ కుదిరేలా ఉండాలి, గూడ్సుకు కుదిరేలా కాదు. రెండు జోన్ల సరిహద్దులో ఫిర్యాదు ఎవరు తీసుకుంటారో నౌపడా టికెట్ కౌంటర్ మీద తెలుగులో, ఒడియాలో రాసిపెట్టండి. ముసలివాళ్ల రాయితీ తిరిగివ్వండి. పోర్ట్ బ్లెయిర్ షిప్పు వైజాగ్ చేరే రోజుల్ని కనీసం నెల ముందు చెప్పమని షిప్పుల శాఖనూ, ఆ రోజు పలాస ప్యాసింజరుకు రెండు పెట్టెలు ఎక్కువ తగిలించమని రైల్వేనూ అడుగుతున్నాం. రెండు శాఖలూ కేంద్రానివే, రెండు ఫోన్లు చేసుకుంటే చాలు. మూలపేట పోర్టులో బొగ్గు ఓడ పక్కన నెలకొక ప్యాసింజర్ షిప్‌కు కూడా చోటు పెట్టండి. పోర్ట్ బ్లెయిర్ హడ్డో జెట్టీలో ఎక్కినవాడు తిన్నగా తన మండలంలోనే దిగుతాడు.

ఎంపీలు, ఎమ్మెల్యేలు, రైల్వే సలహా కమిటీల సభ్యులు ఈ మాటలు ఇంతకు ముందు విన్నారని నాకు తెలుసు. టెక్కలి, పాతపట్నం, పలాస వాళ్లు చెప్పే ఉంటారు. అర్జీలిచ్చే ఉంటారు. అర్జీ అందిందని స్టాంపు వేసి ఇచ్చే ఉంటారు. ఆ స్టాంపు పడిన కాగితాలు ఇక్కడ డైరీ ఫార్మ్‌లో కూడా ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఈసారి స్టాంపు వద్దు. టైమ్‌టేబుల్ ఇవ్వండి.